పని నేర్వబోయే ముందు పైసల లెక్క

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు కథో కవితో వ్రాద్దామనుకున్నాను. కాని మొన్న మన లైబ్రరీ మెట్ల మీద ఇద్దరు జూనియర్ చెల్లెళ్ళు ఇంటర్న్‌షిప్ సంగతి మాట్లాడుకుంటూంటే విన్నాను. "నెలకు ఎనిమిది వేలు ఇస్తరంట, ఇంట్ల ఒక్క పైస అడిగే పని లేదు" అంటున్నదొక అమ్మాయి. సరిగ్గా ఇదే మాట 2024 ఏప్రిల్‌లో నేను మా నాయనతో అన్నాను. అందుకని కథ మానేసి లెక్క వ్రాస్తున్నాను.

మాది హాలియా పక్క పల్లె. సాగర్ ఎడమకాలువ కింద మూడెకరాల పొలం. ఆ యేడు యాసంగిలో కాలువకు తాగునీరు తప్ప సాగునీరు వదలలేదు. పొలమంతా బీడు. మామూలుగా అయితే మే నెలలో వడ్ల పైసలు చేతికొస్తాయి. ఆ మే నెలలో రాలేదు. మన వూళ్ళలో రైతుబిడ్డ చదువు ఖర్చంతా ఏడాదికి రెండుసార్లు, కల్లం మీది నుంచే వస్తుంది. కాని ఈ శిక్షణలన్నీ మే, జూన్ నెలల్లో మొదలవుతాయి. యాసంగి పంట పండకపోతే చేతిలో ఏమీ వుండదు. పండినా జూన్ నాటికి విత్తనాలకు, దుక్కికి పోతుంది. క్యాలెండరులో వున్న ఈ చిక్కును పట్నంలో ఆఫర్ లెటరు ఇచ్చేవారు ఎరుగరు. మనమే చూసుకోవాలి.

హైదరాబాదు అమీర్‌పేటలో ఎకౌంట్లు చూసే ఒక ఆఫీసులో రెండు నెలల శిక్షణ దొరికింది. పేరు ఎందుకులెండి. నెలకు 8,000 రూపాయల స్టైపెండు. మా నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంటే పని నేర్చుకునే కొలువన్న మాట. మరి మనకెంత పడ్తది బిడ్డా?" అన్నాడు. నేను ఠక్కున లెక్క చెప్పాను: హాస్టలు అడ్వాన్సు 2,000, మొదటి నెల 6,500, రెండు జతల బట్టలు, చెప్పులు, ఫోటోలు, జిరాక్సులు కలిపి 2,400, చేతి ఖర్చు నెలకు 1,500. మొత్తం 12,400. మరుసటి నెల నుంచి స్టైపెండు వస్తుంది కదా! నా స్కాలర్‌షిప్‌లో మిగిలిన 5,000కు నాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 8,000 కలిపి, 13,000తో బయలుదేరాను. బస్సుకు పైసా కాలేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో, పల్లెవెలుగులో ఉచిత ప్రయాణం వుంది. ఎల్.బి. నగర్‌లో దిగితే అక్కడి నుంచి అమీర్‌పేటకు మెట్రో నేరుగా పోతుంది, దానికి మాత్రం టిక్కెట్టు కొనాలి.

మే 6న చేరాను. (13న ఓటు వేయడానికి ఒక పూట ఇంటికి వచ్చిపోయాను, అది వేరే సంగతి.) నా లెక్కలో తప్పు ఎక్కడుందో జూన్ 6న తెలిసింది. ఆ ఆఫీసులో నెలాఖరుకు హాజరు పట్టీ ముగిసి, బిల్లు తయారై, తరువాతి నెల నడుమ డబ్బు వేస్తారు. హాస్టలు వాళ్ళు మాత్రం చేరిన తేదీ నాటికే రెండో నెల ముందుగా అడుగుతారు. జూన్ 6న నా చేతిలో వున్నది 550 రూపాయలు. కావలసింది 6,500. వార్డెన్ అక్క మంచిదే, అయినా "రెండు రోజులు చూస్త, తరువాత నా చేతిల లేదమ్మా" అన్నది. ఆ రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. సామాను సర్దుకొని హాలియా బస్సు ఎక్కుదామనే అనుకున్నాను.

మా అమ్మ పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి 7,000 తీసి, పక్కింటి అన్నతో ఫోనులో పంపించింది. స్టైపెండు జూన్ 20న పడింది. అనగా చేరిన 45 రోజులకు. అదీ ఎనిమిది వేలు కాదు. మే నెలలో నేను పనిచేసిన 26 రోజులకు లెక్కగట్టి 6,710.

మొత్తం లెక్క ఇప్పుడు చెబుతాను, దాచడం దేనికి? జూలై 5 దాకా పనికి మూడు విడతలుగా 16,000 వచ్చింది. ఖర్చు: హాస్టలుకు 13,000, అడ్వాన్సు 2,000, బట్టలు వగైరా 2,400, చేతి ఖర్చు రోజుకు యాభై చొప్పున 3,000. వెరసి 20,400. అడ్వాన్సు తిరిగి రావాలి కదా అంటారా? వెయ్యి మెయింటెనెన్సు కింద మొదటే పోతుంది. మిగతా వెయ్యి, ఖాళీ చేసే పదిహేను రోజుల ముందు చెబితేనే ఇస్తారట. నేను వారం ముందు చెప్పాను. ఆ షరతు రశీదు వెనుక చిన్న అక్షరాలతో వుంది, నేను వెనక్కి తిప్పి చూడలేదు. ఎకౌంట్లు నేర్చుకోను పోయినదాన్ని!

ఇక వడ్డీ. సంఘం అప్పు రెండు నెలలకు 140 రూపాయలతో తీరింది. నాయన తెచ్చిన 8,000 కూడా జూలైలోనే తీర్చి వుండవచ్చు. కాని ఆగస్టు మొదట్లో ఎడమకాలువకు నీళ్ళు వదిలారు. ఏడాది బీడు పెట్టిన పొలం; మిగిలిన డబ్బు నాటు కూలీలకు పోయింది. ఆ అప్పు డిసెంబరులో వడ్లు అమ్మాక తీరింది, ఏడు నెలల వడ్డీ 1,120. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే. ఏడాదికి నూటికి ఇరవై నాలుగన్న మాట. మొదటే అమ్మను అడిగి వుంటే అందులో సగంతో పోయేది. అమ్మను అడగాలని మాకెవరికీ తోచలేదు.

అంటే 'స్టైపెండు ఇచ్చే' శిక్షణకు మా ఇంటి నుంచి 5,660 రూపాయలు ఖర్చయింది. నేర్చుకున్నదానికి అది ఎక్కువ కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. కాని ఎంతవుతుందో ముందే తెలిసి వుంటే ఆ రెండు రాత్రులు వుండేవి కావు. అందువల్ల నా సలహా: స్టైపెండు లేదనే అనుకొని, కనీసం అరవై రోజుల ఖర్చు చేతిలో పెట్టుకొని బయలుదేరండి. ఆఫర్ కాగితం రాగానే "ఎంత?" అని కాదు, "ఏ తేదీన?" అని అడగండి. అడిగితే ఏమనుకొంటారో అని నేను మొగమాటపడ్డాను. ఎవరూ ఏమీ అనుకోరు. చేర్చుకొనేందుకో సర్టిఫికెట్టుకో మీ దగ్గరే డబ్బు అడిగేవాడుంటే మాత్రం, ఆ మాట విన్న వెంటనే వెనుదిరగండి.

బ్యాంకు పుస్తకం సంగతి కూడా చూసుకోవాలి. మనలో చాలామంది ఖాతాలు స్కాలర్‌షిప్ కోసం తెరిచినవి. అది పడ్డప్పుడు తీసుకోవడం తప్ప మళ్ళీ ముట్టము. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా వుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే. ఆ తేడా సరిచేయించడానికి ఒక రోజంతా పోయింది. వూరు విడవక ముందే చేయించుకొంటే పోయేదానికి, పట్నం నుంచి సెలవు పెట్టి రావలసి వచ్చింది.

ప్రభుత్వ పథకాల గురించి జూనియర్లు అడుగుతుంటారు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 ఇస్తామన్నారు. కాని అప్పట్లో అది రెగ్యులర్‌గా చదువుకొంటున్న వారికి కాదు. చదువు ముగించి ఖాళీగా వున్నవారి కోసం పెట్టింది. ఈ షరతు చూడకుండానే మా తరగతిలో నలుగురు దరఖాస్తు నింపారు. డిగ్రీ చేతికి వచ్చాక మరొక దారి 1961 నాటి అప్రెంటిసుల చట్టం. అందులోకి ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లను 1973లో చేర్చారు. 2019లో నిబంధనలు సవరించినప్పుడు గ్రాడ్యుయేట్ల కనీస స్టైపెండు నెలకు 9,000 చేశారు. ఇది ఏడాది పాటు సాగే శిక్షణ కాబట్టి దీనికి వేరే లెక్క వేసుకోవాలి.

అసలు అందరమూ అమీర్‌పేటకే ఎందుకు పోవాలి? మిర్యాలగూడలో రైసు మిల్లులున్నాయి, మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం వుంది. కామర్సు చదివేవారికి మిల్లు లెక్కల కంటే మంచి బడి వుందా? సర్కారు వడ్లు నూరు క్వింటాళ్ళు మిల్లుకు వస్తే పచ్చి బియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్ళు తిరిగి అప్పజెప్పాలి. నూక, తవుడు, ఊక, గోనెసంచులు, లారీ కిరాయి, పన్ను కాగితాలు, అన్నీ ఒక్క ఖాతా పుస్తకంలోనే కనబడతాయి. హాలియా నుంచి సద్ది కట్టుకొని రోజూ పోయి రావచ్చు. స్టైపెండు సున్నా అయినా, హాస్టలు లేదు కాబట్టి నా 5,660 కంటే తక్కువలోనే తేలుతుంది. పట్నంలో నేర్చుకొనే కంప్యూటరు పని, పదిమందిలో మాట్లాడే ధైర్యం అక్కడ అంతగా రావు, అదీ నిజమే. ఎవరి అవసరం వారు చూసుకోవాలి.

ఈ యేడు మా తమ్ముడు ఇంటర్న్‌షిప్ కాగితం పట్టుకొని ఇంటికి వచ్చాడు. స్టైపెండు ఎంతో వాడు ఉత్సాహంగా చెబుతూనే వున్నాడు. నాయన బీడీ ఆర్పి, "అది సరే గాని, పైసలు ఏ తారీఖు నాడు ఇస్తరంట?" అని అడిగాడు. లోపలి నుంచి అమ్మ సంఘం పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.