ప్రశ్నలు - జవాబులు: ఇల్లు రాసిచ్చాక అద్దె ఎవరికి?

ప్రశ్న: నాకు అరవై తొమ్మిది, మా ఆవిడకు అరవై రెండు. పిల్లల్లేరు. కింద రెండు పట్టుచీరల అంగళ్ళు అద్దెకిచ్చి, పైన మేముంటున్నాం. ఇల్లు నా కష్టార్జితం. అనాథ పిల్లల్ని చదివించే ఒక సంస్థవారు ఇల్లు తమ పేర రాసిస్తే మేమిద్దరం ఉన్నన్నాళ్ళూ నెలనెలా డబ్బిస్తామంటున్నారు. వారిచ్చిన చిత్తు దస్తావేజు జతచేశాను. సంతకం పెట్టమంటారా?
- ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: ఆ కాగితం మీద మాత్రం పెట్టకండి.

మూడో పేజీ మళ్ళీ చదవండి. "సంస్థ ఆర్థిక స్తోమతను బట్టి దాతకు నెలనెలా గౌరవభృతి చెల్లించబడును" అని ఉంది. స్తోమత ఎంతో తేల్చేదెవరు? వాళ్ళే. ఎంత ఇస్తారో అంకె లేదు, ఏ తేదీకిస్తారో లేదు, ఇవ్వకపోతే ఏమిటన్న ఊసే లేదు. ఇల్లు మాత్రం నేటి నుంచే సర్వహక్కులతో వాళ్ళది. ఇంకొకటి చూశారా? మీ ఉత్తరంలో 'మేమిద్దరం' అని రాశారు, దస్తావేజులో దాత ఒక్కరే. మీకన్నా ఏడేళ్ళు చిన్నదైన ఆవిడ పేరు సాక్షుల వరసలో తప్ప ఇంకెక్కడా కనపడదు. తన నెత్తిమీద కప్పు పరాయిదవుతుంటే దానికి ఆమె చేతే సాక్షి సంతకం!

ఈ శీర్షికకు వచ్చే దానాల ఉత్తరాల్లో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మగవాళ్ళు పుణ్యం గురించి పేజీలకు పేజీలు రాస్తారు, తమ తర్వాత భార్య భోజనం గురించి ఒక్క వాక్యం రాయరు. 'సంస్థవాళ్ళు చూసుకుంటారులెండి' అంటారు. ఏ పేజీలో ఉంది ఆ మాట?

సంస్థ చెడ్డదని నేననను. ఇవాళ ఉన్నవాళ్ళు నిజంగానే మంచివాళ్ళు కావచ్చు. కమిటీలు మారతాయి, కోర్టుకెక్కుతాయి, విరాళాలు తగ్గుతాయి. మనిషి బతికున్నంత కాలం సొమ్మిస్తామనే ఏర్పాటును, అంటే యాన్యుటీని, 1938 నాటి బీమా చట్టం జీవిత బీమా వ్యాపారంలో చేర్చింది. ఆ వ్యాపారం చేసే కంపెనీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి తీసుకోవాలి, నిల్వలు చూపాలి. ధార్మిక సంస్థ మాటకు అలాంటి కాపలా లేదు. నెలనెలా వాళ్ళ గుమాస్తా ముందు నిలబడే పని మీకెందుకు?

ఇవ్వాలనే ఉంటే దారుంది. దఖలు దస్తావేజులో ఇంటి మీద యాజమాన్యం సంస్థకిచ్చి, అనుభవహక్కు మీరుంచుకోండి. పైన కాపురం మీదే, కింద అంగళ్ళ అద్దె మీదే. అంగడివాళ్ళు ఇప్పటిలాగే మీకే కడతారు, సంస్థ చేతి మీదుగా రాదు. ఇలా రాసుకున్న దానం చెల్లుతుందా అని చాలాకాలం వాదనలు నడిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన రాజమ్మ కేసులో 2014 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది. దాత బతికినన్నాళ్ళూ స్వాధీనం, అద్దెలు తనకే ఉంచుకున్నా, పత్రం రిజిస్టరై, ఇద్దరు సాక్షులుండి, పుచ్చుకునేవారు అంగీకరిస్తే దానం పూర్తయినట్టే. ఆ తర్వాత దాత రాసిన రద్దు పత్రం చెల్లదని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ రెండో ముక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

దస్తావేజులో ఉండాల్సిన వాక్యం ఇది: "మా దంపతులలో చివరివరకు జీవించినవారి జీవితాంతం ఇంటి నివాసము, అద్దెల వసూలు హక్కు మాకే ఉండును." మీ ఒక్కరి జీవితకాలమే రాశారో, మీరు కన్నుమూసిన మర్నాడు మీ ఆవిడ ఆ ఇంట్లో చుట్టం. ఇంటి పన్ను, మరమ్మతులు ఎవరివో రాయించండి. వృద్ధాప్యంలో కనీస అవసరాలు సంస్థే చూడాలన్న షరతు కూడా దస్తావేజులోనే పెట్టించండి. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. షరతు తప్పితే బదిలీ రద్దు చేయమని ట్రైబ్యునల్‌కు వెళ్ళవచ్చు, అది మీ ధర్మవరం ఆర్డీఓ దగ్గరే. షరతు కాగితం మీద లేకపోతే ఆ తలుపు తెరుచుకోవడం కష్టమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంత తలనొప్పి ఎందుకనిపిస్తే వీలునామా రాయండి. ముందు ఆవిడకు, ఆమె తదనంతరం సంస్థకు. స్టాంపు ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. సంస్థవాళ్ళు వీలునామాకు మొహం చిట్లిస్తే వాళ్ళకు కావలసింది మీ సంకల్పమా, మీ ఇల్లా అన్నది మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: గిఫ్ట్ డీడ్ రాసి, మనసు మారితే రద్దు చేసుకోవచ్చు కదా?
- హిందూపురం

జవాబు: చేసుకోలేరు. మనసు మారేవాళ్ళు వీలునామా రాయాలి.

ప్రశ్న: కియా ఫ్యాక్టరీ దారిలో మా నాయనకు ప్రభుత్వమిచ్చిన డి.పట్టా భూమి ఉంది. ఆశ్రమానికి దానమిచ్చి అక్కడే శేషజీవితం గడపాలని ఉంది.
- పెనుకొండ

జవాబు: 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకంతో పాటు దానాన్నీ ఆపింది. 20 ఏళ్ళు దాటినవాటికి 2023లో సడలింపు వచ్చింది గానీ, మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత 22-ఎ జాబితాలో ఉన్నంతవరకు సబ్ రిజిస్ట్రార్ కాగితం ముట్టుకోడు. ముందు తహసీల్దార్ ఆఫీసు, తర్వాత ఆశ్రమం.

ప్రశ్న: తాతల నాటి ఆరెకరాల చింతతోపు మఠానికి రాసిచ్చి, నేనున్నన్నాళ్ళు ఫలసాయం తీసుకుందామనుకుంటే నా కొడుకూ కూతుళ్ళూ అడ్డం పడుతున్నారు. నా ఆస్తి నా ఇష్టం కాదా?
- హిందూపురం

జవాబు: మొత్తం మీ ఆస్తి కాదు కాబట్టి మొత్తం మీ ఇష్టమూ కాదు. పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కుంది. పెళ్ళికాని ఆడపిల్లలకు ఆ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రమిచ్చింది. అది తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్ అప్పట్లో మీ హిందూపురం ఎమ్మెల్యేనే, ఆ సంగతి మీ ఊరివాళ్ళకు నేను చెప్పాలా? 2005లో కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళనూ కలిపింది. పంచుకోని ఉమ్మడి ఆస్తిలో కుటుంబ పెద్ద ధర్మకార్యానికి కొద్ది భాగం ఇవ్వగలడు, తోపంతా కాదు. భాగాలు పంచండి. మీ వాటాకొచ్చిన చెట్లు మఠానికిస్తారో, అనుభవహక్కు ఉంచుకుని ఇస్తారో, అప్పుడు మీ ఇష్టం.

ప్రశ్న: మేం ముస్లింలం. బజారులో నాకు రెండు దుకాణాలున్నాయి. అద్దె నేనున్నంతవరకు నాకు, తర్వాత పేదపిల్లల చదువుకు చెందాలి. మా ధర్మంలో దీనికి వీలుందా?
- పెనుకొండ

జవాబు: అందరికన్నా పాత ఏర్పాటు మీ దగ్గరే ఉంది. వక్ఫ్-అలల్-ఔలాద్ అంటే ఆస్తిని ధర్మానికి అంకితం చేసి, ఆదాయాన్ని ముందు కుటుంబానికి, చివరకు పేదలకు రాయడం. ధర్మం మరీ దూరాన ఉందంటూ 1894లో ప్రీవీ కౌన్సిల్ అలాంటి దాన్ని కొట్టేసింది. జిన్నా పట్టుబట్టి బిల్లు తెస్తే 1913లో మళ్ళీ చెల్లుబాటు చేస్తూ చట్టం వచ్చింది. హనఫీలైతే తమ పోషణకు కూడా జీవితాంతం ఆదాయం ఉంచుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. 2025 సవరణ తర్వాత నోటిమాట చాలదు, వక్ఫ్ పత్రం కావాలి, ఆడవారితో సహా వారసుల హక్కుకు గండి పడకూడదు. ఒకసారి చేశాక వెనక్కి రాదు. వీలునామాతో ఇద్దామంటే, వారసులు ఒప్పుకుంటే తప్ప మూడోవంతుకు మించి చెల్లదు.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటాను. ఇక్కడ యూనివర్సిటీకి డబ్బిస్తే దాతకు చచ్చేదాకా ఏటా కొంత తిరిగి ఇస్తారు. హిందూపురంలో మా నాన్నగారు నలభై లక్షలతో అలా చేయాలనుకుంటున్నారు. మన దగ్గర ఉందా?

జవాబు: ఆ పేరుతో లేదు. అమెరికాలో 1843లో బైబిల్ సొసైటీతో మొదలైన పద్ధతి అది. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ పర్యవేక్షణ కూడా ఉంది. ఇక్కడ మీ నాన్నగారే దాన్ని రెండు ముక్కలుగా అమర్చుకోవాలి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా పెట్టవచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, దాని మీద పన్ను పడుతుంది, గడువు 5 ఏళ్ళు. జీవితాంతం కావాలంటే మిగిలిన పది లక్షలతో బీమా కంపెనీ యాన్యుటీ తీసుకోమనండి. అందులో భార్యాభర్తలిద్దరి జీవితకాలం ఉండి, తర్వాత అసలు తిరిగొచ్చే రకమే ఎంచుకోవాలి. వడ్డీ తక్కువని సణగొద్దు. ఆ అసలు ఏ సంస్థకు చేరాలో వీలునామాలో రాయాలి. నామినీ ఒకరు, వీలునామాలో ఇంకొకరు అయితే కోర్టు వాయిదాలే మిగులుతాయి.

మీరు సొంతంగా పంపదలచుకుంటే మీ పాస్‌పోర్టు చూసుకోండి. భారత పౌరుడైతే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు.

ప్రశ్న: ఇల్లు దానమిస్తే 80జి కింద పన్ను తగ్గుతుందా?
- ధర్మవరం

జవాబు: తగ్గదు. 80జి డబ్బు రూపంలో ఇచ్చినదానికే, అందులోనూ 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే లేదు.