ఇంజన్‌కు ఆయిల్ – పలక మీద లెక్క

ఎండాకాలం వస్తే మన వైపు నీళ్ల కోసం ఎంత తిప్పలో మీకు తెలుసు. మార్కాపురం, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల వానలు తక్కువ. గుండ్లకమ్మ నల్లమల కొండల్లో పుట్టి మన నేల మీదుగానే పోతుంది. అయినా ఎండాకాలం ఏటిలో ఇసుకే కనిపిస్తుంది. అందుకే బావి నీళ్లు, కుంట నీళ్లు తోడి పైరును బతికించుకుంటాం.

వెనుకటి రోజుల్లో ఎద్దులతో కపిల తోలేవాళ్లు. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. ఇప్పుడు చాలా చేలల్లో బోర్లు, కరెంటు మోటార్లు ఉన్నాయి. కరెంటు లైను లేని చోట మాత్రం ఇప్పటికీ డీజిల్ ఇంజనే దిక్కు.

ఇంజన్ మగవాళ్ల పని అంటారు. మగవాళ్లు పనులకు హైదరాబాదో, గుంటూరో పోతే ఇంజన్ తిప్పేది ఎవరు? మనమే. మిరప పూత మీద ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోతే నష్టపోయేది ఎవరు? మనమే. అందుకని ఇంజన్ ఆయిల్ మార్చే పద్ధతి ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఆయిల్ చేసే పని

ఇంజన్ తాగేది డీజిల్. ఇంజన్ కడుపులో ఉండేది ఆయిల్. రెండూ వేరు. ఈ ఆయిల్‌ను కొందరు మొబిలాయిల్ అంటారు.

ఇంజన్ లోపల పిస్టన్ ఉంటుంది. అది పైకీ కిందికీ ఆడుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో పిస్టన్ నిమిషానికి 1500 సార్లు పైకి పోతుంది. 1500 సార్లు కిందికి వస్తుంది. బండి ఇరుసుకు కందెన పెట్టకపోతే ఏమవుతుంది? కిర్రుమంటుంది, అరిగిపోతుంది. ఇంజన్ కూడా అంతే.

ఆయిల్ మూడు పనులు చేస్తుంది.

1. ఇనుముకూ ఇనుముకూ మధ్య రాపిడి తగ్గిస్తుంది.
2. లోపలి వేడిని తీసుకుపోతుంది.
3. మసినీ, అరిగిన ఇనుప రజనునూ తనలో కలుపుకుంటుంది.

ఆయిల్ పాడయ్యేది ఎక్కువగా ఈ మూడో పని వల్లే. గిన్నెలు కడిగిన నీళ్లు చూడండి. నాలుగు గిన్నెలు కడిగేసరికి మురికి అవుతాయి. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు తెచ్చుకుంటాం. ఆయిల్ కూడా అట్లాంటిదే.

ఫిల్టర్ అంటే వడపోసేది. టీ వడగట్టే జల్లెడ లాంటిది. రజనును ఆపి, ఆయిల్‌ను పోనిస్తుంది. జల్లెడ నిండితే టీ దిగదు. ఫిల్టర్ నిండితే ఆయిల్ సరిగా వడకట్టుకోదు.

పాడైన ఆయిల్‌తో ఇంజన్ తిప్పితే లోపలి భాగాలు అరుగుతాయి. ఒకరోజు పిస్టన్ పట్టేస్తుంది. ఆయిల్ డబ్బా ఖర్చు చిన్నది. పిస్టన్, లైనరు, బేరింగులు మార్చే ఖర్చు పెద్దది. మెకానిక్ వచ్చేలోపల పైరు ఎండిపోతుంది. అప్పు మిగులుతుంది.

రంగు చూస్తే చాలదు

ఒక అత్తా కోడలూ ఇంజన్ దగ్గర మాట్లాడుకుంటున్నారు. వినండి.

అత్త: ఆయిల్ నల్లగా అయిపోయింది. మార్చాలేమో చూడమ్మా.

కోడలు: పోయిన వారమే కదా మార్చింది అత్తా! డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొన్ని గంటలకే నల్లబడుద్ది. మసిని పట్టుకుంటది కాబట్టి నల్లబడుద్ది. దాని పని అది చేస్తున్నట్టే.

అత్త: మరి ఎప్పుడు మార్చాలో ఎట్టా తెలుస్తది?

కోడలు: ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో లెక్క పెట్టాల.

అత్త: అన్ని గంటలు ఎవరికి గుర్తుంటాయి?

కోడలు: గుర్తు పెట్టుకునే పని లేదు. రాసి పెడదాం.

అత్త: నాకు ఇంజన్ చప్పుడు వింటేనే తెలిసిపోద్ది. రాతతో ఏం పని?

కోడలు: చప్పుడు మారేసరికే లోపల అరిగిపోయి ఉంటది అత్తా. అరగకముందే చెప్పేది రాతే. నీ చెవీ కావాల, నా రాతా కావాల.

కోడలు చెప్పింది నిజం. నలుపు చూసి ఆయిల్ పాడైందని చెప్పలేం. అయితే రెండు గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంజన్ వెంటనే ఆపాలి. ఒకటి, ఆయిల్ మజ్జిగలాగా తెల్లబడటం. అంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. రెండోది, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తూ, మనం పోయకుండానే మట్టం పెరగడం. అంటే లోపల డీజిల్ కారుతోంది. ఈ రెండింటికీ మెకానిక్‌ను పిలవాలి.

పలక మీద లెక్క

మార్కాపురం పలకలకు పేరు. ఎంతోమంది అక్షరాలు దిద్దింది ఇక్కడి పలకల మీదే. అట్లాంటి పలక ఒకటి ఇంజన్ దగ్గర తగిలించండి. ఇంజన్ తిప్పిన ప్రతి రోజూ ఇలా రాయండి.

3వ తేదీ: 6 గంటల నుంచి 10 గంటల వరకు. 4 గంటలు. మొత్తం 4.
4వ తేదీ: 6 గంటల నుంచి 11 గంటల వరకు. 5 గంటలు. మొత్తం 9.
6వ తేదీ: 7 గంటల నుంచి 10 గంటల వరకు. 3 గంటలు. మొత్తం 12.

పలక నిండితే మొత్తం అంకెను నోటు పుస్తకంలోకి ఎక్కించండి. పలక తుడిచి మళ్లీ మొదలు పెట్టండి.

ఎన్ని గంటలకు మార్చాలి? ఇంజన్‌తో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోతే అమ్మిన దుకాణంలో అడిగి రాసుకోండి. అన్ని ఇంజన్లకూ ఒకే లెక్క ఉండదు. మీ ఇంజన్‌కు 250 గంటలు అని ఉందనుకోండి. రోజుకు 5 గంటలు తిప్పితే 50 రోజులకు మార్చాలి. కొత్త ఇంజన్‌కు మొదటిసారి ఇంకా ముందే మార్చాలి. ఇంజన్ తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి మార్చడం మంచిది.

డబ్బా చదివి కొనండి

దుకాణంలో ఏ డబ్బా ఇస్తే అది తెచ్చుకోవద్దు. డబ్బా మీద ఇవి చూడండి.

చిక్కదనం అంకె: 30 అనో, 20 డబ్ల్యు 40 అనో ఉంటుంది. అంకె పెరిగితే ఆయిల్ చిక్కన. మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న అంకే డబ్బా మీదా ఉండాలి.

ఏ ఇంజన్‌కు: ఏ.పి.ఐ. అనే అక్షరాల దగ్గర చూడండి. తర్వాతి అక్షరం సి అయితే డీజిల్ ఇంజన్‌కు. ఎస్ అయితే పెట్రోలు ఇంజన్‌కు. మనకు కావలసింది సి.

కొలత, ధర, తయారైన తేదీ: మూడూ చదవండి. మూత సీలు చూడండి. బిల్లు అడిగి తీసుకోండి.

మార్చే పద్ధతి

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి: కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, సరైన పానా, పాత బేసిను, గరాటు, పోగులు ఊడని శుభ్రమైన గుడ్డ.

1. ఇంజన్‌ను 10 నిమిషాలు తిప్పి ఆపండి. వెచ్చబడిన ఆయిల్ మురికితో సహా తేలిగ్గా దిగుతుంది. కాలేంత వేడిగా ఉంటే కాసేపు ఆగండి.

2. ఇంజన్ తిప్పే హ్యాండిల్ తీసి పక్కన పెట్టండి. మీరు పనిలో ఉండగా ఎవరూ ఇంజన్ తిప్పకూడదు.

3. ఆయిల్ పోసే మూత చుట్టూ తుడిచి, మూత తీయండి. అడుగున ఉండే బోల్టు కింద బేసిను పెట్టండి. బోల్టు తలను ఎదురుగా చూస్తూ, గడియారం ముల్లు తిరిగే వైపుకు ఎదురు తిప్పండి. వదులవుతుంది. ఆయిల్ పూర్తిగా కారనివ్వండి. 15, 20 నిమిషాలు పడుతుంది.

4. కారిన ఆయిల్‌లో ఇనుప ముక్కలు మెరుస్తున్నాయా చూడండి. ఉంటే మెకానిక్‌కు చూపించండి.

5. బోల్టునూ, వాషరునూ తుడవండి. వాషరు నలిగిపోయి ఉంటే కొత్తది వేయండి. బోల్టు బిగించండి. బలమంతా పెట్టి బిగిస్తే మరలు చెడిపోతాయి.

6. పాత ఫిల్టర్ తీయండి. దాని రబ్బరు రింగు ఇంజన్‌కు అంటుకొని ఉండిపోతుంది ఒక్కోసారి. చూసి తీసేయండి. కొత్త రింగుకు కాస్త కొత్త ఆయిల్ రాయండి. డబ్బాలాంటి ఫిల్టర్ అయితే ముందు చేత్తోనే బిగించండి. ఆపైన ఎంత తిప్పాలో ఫిల్టర్ పెట్టె మీద ఉంటుంది. కొన్ని చిన్న ఇంజన్లకు తీగ జల్లెడ మాత్రమే ఉంటుంది. దాన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి పెట్టండి. డీజిల్‌ను వడపోసే ఫిల్టర్ వేరే ఉంటుంది. దాన్నీ దీన్నీ ఒకటి అనుకోవద్దు.

7. గరాటుతో కొత్త ఆయిల్ పోయండి. కొలత పుల్ల తుడిచి, ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటకూడదు. ఎక్కువైనా ఇంజన్‌కు చెరుపే.

8. మూత పెట్టండి. లివరు ఎత్తి, హ్యాండిల్‌తో పది ఇరవై చుట్లు తిప్పండి. తర్వాత ఇంజన్ వేయండి. ఎక్కడైనా కారుతోందా చూడండి. ఐదు నిమిషాల తర్వాత ఆపండి. కాసేపు ఆగి కొలత పుల్ల మళ్లీ చూడండి. తగ్గితే కొంచెం పోయండి.

9. తేదీ రాయండి. పలక మీద మొత్తం దగ్గర 0 వేయండి. కొత్త లెక్క మొదలైంది.

పాత ఆయిల్ ఎక్కడికి?

పాత ఆయిల్ బావిలో, కుంటలో, చేలో పోయవద్దు. అది మనం తాగే నీళ్లలోకే చేరుతుంది. పశువుల పుండ్లకు రాయవద్దు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకరమైన వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా పెట్టండి. పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి. చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి.

ప్రాణం ముందు

కొంగు నడుముకు దోపుకోండి. జడ ముడి వేసుకోండి. తిరిగే బెల్టు దగ్గరికి పోవద్దు. దగ్గర్లో బీడీ కాల్చనివ్వవద్దు.

పంపు 25 అడుగుల కంటే లోతు నుంచి నీటిని పీల్చడం కష్టం. అందుకని కొందరు ఇంజన్‌ను బావిలోని గట్టు మీదికి దించుతారు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బావిలో నిండితే మనిషి పడిపోతాడు. కాపాడబోయి దిగినవాళ్లు కూడా పడిపోతారు. మూసిన గదిలోనూ ఇంజన్ వేయవద్దు.

తెలుసుకుందాం

డీజిల్ అనేది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీ ఇంజనీరు. 1897లో ఆయన ఇంజన్ బాగా పనిచేసి చూపింది. 1900లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. మన చేలో పండే వేరుశనక్కాయే!

చేసి చూద్దాం

1. ఒక ఇంజన్ రోజుకు 4 గంటలు తిరుగుతుంది. 200 గంటలకు ఆయిల్ మార్చాలి. ఎన్ని రోజులకు మార్చాలి?
2. ఇంజన్ ఉదయం 6 గంటలకు వేశారు. 10 గంటల 30 నిమిషాలకు ఆపారు. ఎంతసేపు తిరిగింది?
3. ఆయిల్ మజ్జిగలాగా ఉంటే ఏం కలిసినట్టు?
4. ఖాళీ పూరించండి: ఆయిల్ కొలత పుల్ల మీద ______ గీతల మధ్య ఉండాలి.
5. మీ ఊళ్లో ఎవరింట్లోనైనా ఆయిల్ డబ్బా ఉంటే తెచ్చి అందరూ కలిసి చదవండి. చిక్కదనం అంకె, కొలత, ధర, తేదీ మీ నోటు పుస్తకంలో రాయండి.