పోయిందెంత? తిరిగిందెంత?

రాత్రి తొమ్మిదిన్నరకి కంట్రిబ్యూటర్ నుంచి వార్త వస్తుంది. ఆన్‌లైన్ రమ్మీలో రూ.40 లక్షలు పోగొట్టుకున్న యువకుడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడని. పదిన్నరకి పేజీ వదలాలి. జిల్లా రిపోర్టర్ల వాట్సాప్ గ్రూపులో అదే వార్త 60 లక్షలతో తిరుగుతోంది. ఎస్సై ఫోన్ ఎత్తడం లేదు. డిజిటల్ టీమ్ అప్పటికే థంబ్‌నెయిల్ అడుగుతోంది. ఈ గంటలో ఏం చేయాలో డెస్కులో కొత్తగా చేరినవాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నాకూ చెప్పలేదు. తప్పు చేశాకే నేర్చుకున్నాను.

నేను ఒక జిల్లా డెస్కు ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు అచ్చం ఇలాంటి వార్తే వచ్చింది. 40 లక్షలని హెడ్డింగ్ పెట్టి వదిలాం. నాలుగు రోజులకి కుర్రాడు క్షేమంగా ఇంటికొచ్చాడు. అతను ఓ ఫైనాన్స్ సంస్థలో కలెక్షన్ ఏజెంటు, జీతం 18 వేలు. మన క్లిప్పింగ్ చూసిన సంస్థవాళ్లకి సహజంగానే ఒక ప్రశ్న వచ్చింది: పద్దెనిమిది వేల జీతగాడికి 40 లక్షలెక్కడివి? సస్పెండ్ చేసి ఆడిట్ పెట్టారు. ఆడిట్‌లో ఒక్క రూపాయి తేడా రాలేదు. అతను బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. రెండేళ్లలో ఆటకని వెళ్లిన డబ్బు, ఆట నుంచి తిరిగొచ్చిన డబ్బు రెండూ కలిపి ఎవరో కూడేశారు. ఆ కూడిక మొత్తమే 40 లక్షలు. నిజంగా పోయింది మూడు లక్షల చిల్లర. అది కూడా అతనికి చిన్న మొత్తమేం కాదు. కానీ మేం రాసిన అంకె అతన్ని జూదగాడితో ఆపకుండా దొంగని కూడా చేసింది.

జూదం వార్తలో "పోయింది" అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు అంకెలు దాక్కుని ఉంటాయి. ఆడిన పందేల మొత్తం ఒకటి. యాప్‌లో వేసిన డిపాజిట్ల మొత్తం ఒకటి. వేసినదాంట్లోంచి తీసుకున్నది పోగా మిగిలిన నికర నష్టం ఒకటి. చేసిన అప్పు ఇంకొకటి. పోలీసు ప్రెస్ నోటులో, తండ్రి ఫిర్యాదులో, స్నేహితుడి బైట్‌లో వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏది అన్నది వాళ్లు చెప్పరు. చాలాసార్లు వాళ్లకే తెలియదు. అడగాల్సింది మనమే.

పందేల మొత్తానికీ నష్టానికీ ఎంత దూరముంటుందో ఒక లెక్క వేసి చూడండి. ఒకతను వెయ్యి రూపాయలతో కూర్చున్నాడు. పందెం వంద. ప్రతి వందకీ సగటున తొంభై తిరిగొచ్చే ఆట అనుకుందాం. గెలిచింది మళ్లీ పెడుతూ, చేతిలో ఏమీ మిగలనంతవరకూ ఆడితే, అతను పెట్టిన పందేల మొత్తం సుమారు పదివేలు అవుతుంది. జేబులోంచి పోయింది వెయ్యే. ఆ వెయ్యే పదిసార్లు తిరిగింది. అసలు నష్టానికి పది రెట్ల అంకె రాసి మనం అబద్ధం ఆడలేదనుకోవచ్చు, ఎందుకంటే పదివేలకి ఆడిన మాట నిజమే. "ఆడాడు" అన్నచోట "పోగొట్టుకున్నాడు" అని మార్చినప్పుడే తప్పు జరిగింది. అక్షరాలా ఒక క్రియ తేడా.

ఇదే పొరపాటు పెద్ద స్థాయిలో ఎలా జరగగలదో గేమ్స్‌క్రాఫ్ట్ కేసులో కనిపిస్తుంది. 2022 సెప్టెంబరులో ఆ బెంగళూరు కంపెనీకి జీఎస్టీ అధికారులు దాదాపు 21,000 కోట్ల రూపాయల నోటీసు ఇచ్చారు. పందేల పూర్తి విలువ మీద 28 శాతం చొప్పున వేసిన లెక్క అది. వెనక్కి లెక్కిస్తే పందేల విలువ 75,000 కోట్ల చుట్టూ తేలుతుంది. ఇందులో 21,000 కోట్లు ఆటగాళ్ల నష్టం కాదు, 75,000 కోట్లూ కాదు. మొదటిది పన్ను డిమాండు, రెండోది మళ్లీ మళ్లీ తిరిగిన డబ్బు. పైగా ఆ నోటీసుని 2023 మేలో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. నోటీసు వచ్చిన రోజు "ఎగవేత" అని ఖాయం చేసి రాసిన కాపీ ఏదైనా ఉంటే, తర్వాతి ఏడాదిలో దాన్ని రెండుసార్లు సర్దుకోవాల్సి వచ్చేది. నోటీసుని నోటీసనే రాస్తే ఏ బాధా లేదు.

ఐపీఎల్ సీజన్‌లో వచ్చే "200 కోట్ల బెట్టింగ్ ముఠా గుట్టురట్టు" వార్తల సంగతీ అంతే. పట్టుబడిన నగదు రెండు మూడు లక్షలుంటుంది. 200 కోట్లు ఖాతాల్లో నడిచిన లావాదేవీలు. బుకీ పుస్తకంలో చెరో జట్టు మీద చెరో పదివేలు కాసినవాళ్లుంటారు. లావాదేవీ ఇరవై వేలు. ఒకడికి పదివేలు పోయాయి, ఇంకొకడికి కమిషన్ పోను మిగతా డబ్బు వచ్చింది. రమ్మీలోనూ మీరు ఓడింది ఎదుటి ఆటగాడికి వెళ్తుంది, కంపెనీ తన రుసుము తీసుకుంటుంది. కాబట్టి ఓడినవాళ్ల నష్టాలన్నీ కూడితే అది కంపెనీ ఆదాయం అవదు. కలర్ ప్రిడిక్షన్ లాంటి యాప్‌లలో అలా కాదు, అక్కడ పోయింది నేరుగా నడిపేవాడికే పోతుంది. ఏ ఆటో తెలియకుండా "కంపెనీ దోచుకుంది" అన్న వాక్యం రాయొద్దు.

ఇక మీ ముందున్న కాపీకి వద్దాం. బ్యాంకు స్టేట్‌మెంట్ దొరికిందనుకోండి. ఏడాదిలో యాప్‌లకి వెళ్లింది రూ.18,40,000. యాప్‌ల నుంచి వచ్చింది రూ.13,10,000. వ్యాలెట్‌లో మొదట్లోనూ చివర్లోనూ ఏమీ లేదు. నికర నష్టం రూ.5,30,000. ఇంట్లోవాళ్లు అప్పు 9 లక్షలంటున్నారు. విడదీసి అడిగితే అందులో రెండు లక్షలు చెల్లెలి పెళ్లివి, లక్ష వడ్డీ, కొంత బంగారం తాకట్టు. మూడు పత్రికలు మూడు అంకెలు వేస్తాయి: 18 లక్షలు, 9 లక్షలు, 5 లక్షలు. ముగ్గురి దగ్గరా ఆధారం ఉంటుంది. మరునాడు మీటింగులో "మనకి తక్కువ ఎందుకొచ్చింది?" అని అడిగేది మాత్రం 5 లక్షలు రాసినవాణ్నే. ఆ ప్రశ్నకి సిద్ధంగా ఉండండి. లెక్క కాగితం మీద వేసి, ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. నోటితో వాదిస్తే పెద్ద అంకే గెలుస్తుంది.

ఈ లెక్కకి కొత్త సూత్రమేం కనిపెట్టక్కర్లేదు. ఆన్‌లైన్ ఆటల గెలుపుల మీద 2023 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం టీడీఎస్ పెట్టినప్పుడు, నికర గెలుపు ఎలా కట్టాలో ఆదాయపు పన్ను నిబంధనల్లోనే చెప్పారు. తీసుకున్న డబ్బు, ఏడాది చివర ఖాతాలో ఉన్న నిల్వ కలిపి, అందులోంచి వేసిన డబ్బు, ఏడాది మొదట ఉన్న నిల్వ తీసేయాలి. జవాబు మైనస్ వస్తే అదే నష్టం. యాప్ ఇచ్చిన బోనస్‌లని డబ్బుగా కలపకండి. స్క్రీన్‌షాట్‌లో కనిపించే "విన్నింగ్స్ రూ.6 లక్షలు" అన్నదాన్ని కూడా నమ్మకండి, అది గెలిచిన చేతుల కూడిక మాత్రమే కావచ్చు, ఓడినవి అందులో ఉండకపోవచ్చు.

స్టేట్‌మెంట్ కూడా సర్వస్వం కాదు. చట్టవిరుద్ధమైన యాప్‌లకి డబ్బు యాప్ పేరుతో వెళ్లదు, ఎవరెవరివో మ్యూల్ ఖాతాలకీ యూపీఐ ఐడీలకీ వెళ్తుంది. ఆ ఎంట్రీలు చూస్తే స్నేహితుడికి పంపినట్టే ఉంటుంది. ఏజెంటు చేతికిచ్చిన నగదు అసలే కనిపించదు. కాబట్టి మనం వేసే అంకె ఒక్కోసారి అసలు నష్టం కన్నా తక్కువ కూడా కావచ్చు. పెద్ద అంకెలు మాత్రమే తప్పులని అనుకోవద్దు. అప్పు వడ్డీ, వేలంలో పోయిన బంగారం, ముందే తీసేసిన పీఎఫ్ ఇవేవీ యాప్ లెక్కలో ఉండవు. ఇంటికి మాత్రం అవన్నీ నష్టమే. చోటుంటే విడిగా రాయండి. చోటు లేకపోతే "యాప్‌లలో నికరంగా" అన్న రెండు మాటలు చేర్చండి.

తక్కువ చేసి చూపించే వార్తలు ఇంకో రకం ఉన్నాయి, వాటిని మనం జూదం వార్తలని కూడా అనుకోం. రూ.49 పెట్టి ఫ్యాంటసీ క్రికెట్‌లో కోటి గెలిచిన కూలీ, డ్రైవరు, డెలివరీ బాయ్. మంచి హ్యూమన్ స్టోరీ అని మినీలో ఫొటోతో వేసేవాళ్లం. కోటిలో 30 లక్షలు టీడీఎస్‌కే పోతుందని రాయలేదు. అంతకుముందు అతను ఎన్ని 49లు పెట్టాడో అడగలేదు. అదే పోటీలో 49 పోగొట్టుకున్న లక్షల మంది ఊసే లేదు. యాడ్ డిపార్ట్‌మెంటు డబ్బు తీసుకుని వేయాల్సిన దాన్ని ఎడిటోరియల్ ఉచితంగా వేసింది. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు ఆటల ప్రకటనకి రెండేళ్ల వరకూ జైలు, 50 లక్షల వరకూ జరిమానా ఉన్నాయి. వార్తలో యాప్ లోగో, లింకు, ఎలా చేరాలో వివరం పెట్టే ముందు లీగల్‌కి ఒక మెసేజ్ పెట్టండి.

ఆ చట్టం బిల్లు దశలో ఉన్నప్పుడు ఢిల్లీ నుంచి వచ్చిన అంకె మీకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ అంచనా ప్రకారం 45 కోట్ల మంది ఏటా సుమారు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారు. భాగహారం చేయండి. తలకి 444 రూపాయలు, నెలకి 37. ఊరూరా అప్పులపాలైన కుటుంబాల గురించి రాసే మనం, నెలకి 37 రూపాయల నష్టాన్ని అదే వార్తలో ఎలా పెడతాం? రెండూ ఒకచోట ఇమడాలంటే ఒకటే దారి: నష్టం అందరిమీదా సమానంగా పడదు. ఎక్కువమందికి పోయేది చిల్లర, కొద్దిమందికి ఇల్లే పోతుంది. జూదం ఎక్కడ చూసినా ఇంతే. అందుకే 45 కోట్ల అంకెని "బాధితులు" అన్న మాట పక్కన పెడితే, నిజమైన బాధితుడు ఆ గుంపులో కనిపించకుండా పోతాడు. "ప్రభుత్వ అంచనా" అన్న మాట హెడ్డింగ్‌లో పట్టకపోతే డెక్‌లోనైనా ఉంచండి.

మరణం ఉన్న వార్తల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఆత్మహత్య వార్తలపై ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎలా చనిపోయారో వివరించొద్దు, సంచలన హెడ్డింగ్ పెట్టొద్దు. నేను అదనంగా చెప్పేది అంకె గురించి. హెడ్డింగ్‌లో మరణం పక్కన మూడు లక్షలని వేస్తే, ఆరు లక్షలు పోగొట్టుకుని ఆ రాత్రి నిద్రపట్టని పాఠకుడు దాన్ని ఎలా చదువుతాడో ఒక్కసారి ఊహించండి. అంకెని బాడీలోకి దింపండి. వార్త కింద టెలీ మానస్ నంబరు 14416 వేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పేజీ నిండిపోయిందని ముందు దాన్నే కోసేస్తారు, కోయనివ్వకండి. ఎఫ్ఐఆర్‌లో ఉన్నది ఫిర్యాదుదారు చెప్పిన మాట, అది దర్యాప్తులో తేలిన విషయం కాదు. "జూదమే కారణమని తండ్రి ఫిర్యాదులో పేర్కొన్నారు" అనండి.

ఇంతా చదివి, ఆ పదిన్నర పేజీకి ఏం పెట్టమంటారని అడుగుతారు. ఎస్సై ఫోన్ ఎత్తకపోతే స్టేషన్ రైటర్‌కి చేయండి, ఎఫ్ఐఆర్‌లో మాట చదివి వినిపించమనండి. కంట్రిబ్యూటర్‌ని ఒక్కటే అడగండి: ఈ 40 లక్షలు ఎవరు చెప్పారు, వాళ్లకి ఎలా తెలిసింది? "అందరూ అంటున్నారు సార్" అంటే అంకె తీసేసి "ఆన్‌లైన్ రమ్మీ నష్టాలతో యువకుడి అదృశ్యం" అని వదలండి. స్టేట్‌మెంట్ చూసినవాళ్లు ఉంటే "రూ.40 లక్షల లావాదేవీలు, నష్టం తేలాల్సి ఉంది" అని రాయొచ్చు. 60 లక్షలేసిన పక్క పత్రిక గురించి ఉదయం మీ బ్యూరో చీఫ్ అడిగితే, ఆ అంకె ఎవరిదో కనుక్కోమని ఆయన్నే కోరండి. నాకు తెలిసి సగం సందర్భాల్లో ఆ కంట్రిబ్యూటరూ మన కంట్రిబ్యూటరూ ఒకే టీ బండి దగ్గర కలుసుకున్నవాళ్లే.

వెబ్‌లో తప్పు వెళ్లిపోతే లోపలి కాపీ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. హెడ్డింగ్, యూఆర్ఎల్‌లో ఉన్న అంకె, థంబ్‌నెయిల్, యూట్యూబ్ షార్ట్, ఫేస్‌బుక్ కార్డు అన్నిటికీ విడివిడిగా టికెట్ పెట్టాలి. ఆ కలెక్షన్ ఏజెంటు విషయంలో మేం ఆరో పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. అతని ఉద్యోగం నెలన్నరకి తిరిగొచ్చింది. కానీ రెండేళ్ల తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్తే, ఇంటర్వ్యూ చేసినాయన అతని పేరు కొట్టి చూశాడట. పైన వచ్చింది 40 లక్షలే.