మొదట నాలుగో భాగమే చూపించు



సెలవుల్లో మీ వాడికి స్టార్ వార్స్ సినిమాలన్నీ వరసగా చూపిస్తానన్నావు. సంతోషమే. కానీ ఒకటో భాగంతో మొదలుపెడతానన్నావు చూడు, అది మాత్రం వద్దు. ఆ ఒకటో నంబరు సినిమా వచ్చింది 1999లో. మేము ముందు చూసింది 1977 మేలో విడుదలైనదాన్ని. అప్పుడు దానికి నంబరే లేదు. 1981లో మళ్ళీ విడుదల చేస్తూ నాలుగో భాగమని తెర మీద చేర్చారు.

అప్పట్లో నేను లాస్ ఏంజెలెస్‌లో చదువుకుంటున్నాను. హాలీవుడ్ చైనీస్ థియేటర్ ముందు క్యూ వీధి మలుపు దాటిపోయేది. మాయాబజార్ చూసి పెరిగినవాళ్ళం, మాయలకు అంత తేలిగ్గా పడతామా అనుకుంటూ లోపలికి వెళ్ళాం. తెర పై అంచు నుంచి ఓ నౌక వచ్చింది. వస్తోంది, ఇంకా వస్తూనే ఉంది! 70 ఎంఎం తెర మీద దాని పొట్ట మన నెత్తి మీదుగా సాగుతుంటే కుర్చీ అదిరింది. నా పక్కనున్న అమెరికన్ పెద్దాయన తల వెనక్కి వాల్చి హాలు కప్పుకేసి చూశాడు.

అందుకే ఫోన్‌లో చూపించకు. వెలుగు కత్తుల మోత కోసం సినిమా శబ్దాల రూపకర్త బెన్ బర్ట్ పాత ప్రొజెక్టర్ మోటారు చప్పుడునీ టీవీ రొదనీ కలిపాడు. చిన్న స్పీకర్లో అది దోమల గోల అయిపోతుంది.

1980లో రెండోది, అంటే ఐదో భాగం వచ్చింది. హీరో లూక్‌కు విలన్ డార్త్ వేడర్ ‘నీ తండ్రిని నేనే’ అని చెప్పే ఆ ఒక్క మాటను ఎంత గుట్టుగా ఉంచారంటే, వేడర్ ముసుగులో నటించిన డేవిడ్ ప్రౌస్‌కి షూటింగ్‌లో వేరే డైలాగు ఇచ్చారు. అసలు మాట తర్వాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతులో పెట్టారు. అది నిజమా అబద్ధమా అని మూడేళ్ళు కొట్టుకున్నాం. రాక్షసుడి మాట నమ్మేదేమిటని మా రూమ్మేట్. కర్ణుడి కథ తెలిసినవాణ్ణి, నిజమే అయ్యుంటుందని నేను. శనివారం వంటింట్లో పప్పు మాడినా వాదన ఆగేది కాదు. 1983లో మూడోది, అంటే ఆరో భాగం వచ్చి తేల్చేసింది. అందులో ఎలుగుబంటి పిల్లల్లాంటి జీవుల మూక లేకపోతే ఇంకా బాగుండేది, అది వేరే సంగతి.

నంబర్ల వరసలో చూపిస్తే మూడో భాగంలోనే ఆ గుట్టు బయటపడిపోతుంది, ఇక వాడికి వాదించడానికేం మిగలదు. అందుకే ముందు నాలుగు, ఐదు చూపించి, ఆరోదానికి కనీసం నెల్లాళ్ళు ఆపు. ఎంత గోల చేసినా రిమోట్ ఇవ్వకు. ఈలోగా వాడు వేడర్‌ని నమ్మాడో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ
మామయ్య