పాకే పిల్ల, ఇంట్లో నాన్న



ప్రసూతి సెలవును 2017లో చట్టం 26 వారాలకు పెంచింది. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, బిడ్డ బోర్లా పడి బొబ్బట్లు పంచే వేళకల్లా తల్లి ఆఫీసు మెట్లెక్కాలి. తండ్రికో? కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు కంపెనీలో అయితే యాజమాన్యం దయ. అందుకే ఇంటినుంచి పనిచేసే మగవాళ్లకు కొత్త డ్యూటీ పడింది: ఒళ్లో లాప్‌టాప్, కాళ్ల దగ్గర తొమ్మిది నెలల పిల్ల. ఈ అత్తయ్య మేనల్లుడు కూడా ఆ బృందంలో చేరాడు కనుక ఈ ఉత్తరం.

ఆ వయసు పిల్ల కూర్చోబెట్టిన చోట ఉండే బాపతు కాదు. పాకుతుంది, మంచం కోడు పట్టుకుని లేచి నిలబడుతుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న చిన్నవి ఏరే నేర్పు ఇప్పుడే వస్తుంది. సోఫా కింది పల్లీ గింజ పెద్దవాళ్లకంటే ముందు దానికే కనిపిస్తుంది, కనిపించిందా, నోట్లోకే. కాబట్టి తండ్రి మొదట చేయాల్సింది, తలుపేసుకుని హాలంతా మోకాళ్ల మీద ఓసారి పాకి రావడం. నవ్వులాట కాదు. ఆ ఎత్తునుంచి చూస్తేనే వేలాడే చార్జర్ వైరు, రిమోట్‌లోంచి జారిన బిళ్ల బ్యాటరీ బయటపడతాయి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు; అలాంటి అనుమానం వస్తే చాలు, ఆసుపత్రికి పరుగెత్తాలి. స్నానాలగదిలో బకెట్ ఎప్పుడూ బోర్లించే ఉండాలి. రెండంగుళాల నీళ్లు చాలు పసిబిడ్డ మునగడానికి, అదీ చప్పుడు లేకుండా.

తిండి దగ్గర వేరే గొడవ. తల్లిపాలు కాక రోజుకు మూడు నాలుగుసార్లు మెదిపిన పప్పన్నమో రాగిజావో పెట్టాలి. సగం తండ్రి చొక్కా మీదికి పోతుంది, పోనీ. అమ్మమ్మో నానమ్మో తేనె నాకిస్తానంటే మాత్రం అడ్డుపడాల్సిందే. ఏడాది నిండని పేగుల్లో తేనెలోని బొట్యులిజం బీజాలు మొలకెత్తి విషం పుట్టించవచ్చు. ఇదంతా వివరించబోతే పెద్దవాళ్ల ముందు ఓడిపోవడం ఖాయం. 'డాక్టరు వద్దన్నారమ్మా' అంటే సరిపోతుంది.

మీటింగ్ వేళ ఫోను చేతికిస్తే పది నిమిషాలు ప్రశాంతంగా గడుస్తాయి, నిజమే. కానీ ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. స్టీలు గిన్నె, గరిటె ఇవ్వొచ్చు. ఆ మోత అవతలివాళ్లకు వినిపిస్తే వినిపించనీ. బుర్రపెట్టి చేయాల్సిన పని పగటి కునుకులకు దాచుకోవాలి. రాత్రీ పగలూ కలిపి ఈ పిల్ల 12 నుంచి 16 గంటలు పడుకోవాలి. పగలు సాధారణంగా రెండు కునుకులు. ఆ కాస్త సేపూ బట్టలు మడతపెడుతూ కూర్చున్నవాడు సాయంత్రం మేనేజరుకు సంజాయిషీ చెప్పుకోవాలి.

గది దాటితే చాలు ఏడుపు అందుకుంటుందా? కంటికి కనపడని మనిషి కూడా ఎక్కడో ఉంటాడన్న ఎరుక ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది మరి. నాన్న ఉన్నాడని తెలుసు, తిరిగొస్తాడని ఇంకా తెలీదు. దోబూచులాట నేర్పేది అదే. చాటుగా జారుకోవడం కన్నా చెప్పి వెళ్లడమే నయం.

తొమ్మిది నెలలు నిండాక తట్టు–రుబెల్లా టీకా మొదటి డోసు, దాంతోపాటు విటమిన్ ఎ చుక్కలు. ఈ టీకాకు జ్వరం వస్తే ఆ రాత్రే కాక వారం పది రోజులకు రావచ్చు. అప్పుడు కంగారుపడి ఆఫీసులో ఉన్న తల్లిని హడలగొట్టక్కర్లేదు. టీకా కార్డు మాత్రం ముందురోజే సంచిలో పెట్టుకోవాలి.