కండక్టివ్ ప్లాస్టిక్ లైన్‌లో చేరేవాళ్లకి

జిగణి, బొమ్మసంద్ర షెడ్లలో పనికి చేరే మన హిందూపురం, మదనపల్లె వైపు కుర్రాళ్లకి ఒక మాట. కండక్టివ్ ప్లాస్టిక్ లైన్‌కి వెళ్లమంటే చాలామంది వెనకాడతారు. ఒళ్లంతా మసి, మెషిన్‌లోంచి పాత దానా తోసి శుభ్రం చేసే పర్జింగ్‌కి గంటలు పడుతుంది, తర్వాత తెల్ల రంగు జాబ్ పెట్టాలంటే తలనొప్పి. నన్నడిగితే వెళ్లమనే అంటాను. పనితనం అంకెల్లో కనబడే లైన్ అది.

పాలీప్రొపిలీన్‌లో గానీ పాలీకార్బనేట్‌లో గానీ కరెంటు పారదు. కార్బన్ బ్లాక్, కార్బన్ ఫైబర్, నానోట్యూబ్‌లలో ఏదో ఒకటి తగినంత కలిపితే ఆ రేణువులు ఒకదానికొకటి అంది, కరెంటుకి దారి ఏర్పడుతుంది. సర్క్యూట్ బోర్డులు పెట్టే నల్ల ట్రేలు ఇలాంటివే. 11 కేవీ కేబుల్ లోపల కండక్టర్‌ని అంటుకుని ఉండే నల్లటి పొర కూడా ఇదే. ట్రే ఎందుకంత ముఖ్యమంటే, ఒంట్లో చేరిన స్టాటిక్ సుమారు 3,000 వోల్టులకి చేరితే గాని మనకి చురుక్కుమనదు. కొన్ని చిప్‌లు 100 వోల్టులకే పోతాయి. ట్రే సరిగా లేకపోతే నష్టం ఎవరి కంటికీ కనబడదు.

ఈ పనికి ప్రాణం పర్కొలేషన్ థ్రెషోల్డ్. కార్బన్ బ్లాక్ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే రెసిస్టెన్స్ చాలాసేపు కదలదు. ఒక హద్దు దగ్గర ఒక్కసారిగా వేల, లక్షల రెట్లు పడిపోతుంది. ఆ హద్దు సరిగ్గా ఎక్కడన్నది గ్రేడుని బట్టి, పాలిమర్‌ని బట్టి మారుతుంది. కండక్టివ్ గ్రేడు కార్బన్ బ్లాక్ సాధారణంగా వందకి 15 నుంచి 25 పాళ్లు పడుతుంది, నానోట్యూబ్‌లు 1 నుంచి 5 పాళ్లు చాలు. హద్దుకి దగ్గరగా నడిపే ఫార్ములాలో ఫీడర్ అర శాతం తక్కువ వదిలినా లాట్ మొత్తం రిజెక్ట్ కావచ్చు.

అందుకే ముందు రెసిస్టెన్స్ కొలిచే మీటరు వాడకం నేర్చుకోండి. ప్యాకేజింగ్ ప్రమాణాల ప్రకారం 10,000 ఓమ్‌ల లోపుంటే కండక్టివ్, అక్కడి నుంచి 10,000 కోట్ల ఓమ్‌ల లోపు డిసిపేటివ్. కస్టమర్ ఏది అడిగాడో డ్రాయింగ్‌లో చూడండి. రెండు కిలోలకి పైగా బరువుండే రింగు ప్రోబ్‌ని ట్రే మీద పెట్టి, ఎన్ని వోల్టుల దగ్గర కొలిచారో రీడింగ్ పక్కనే రాయండి. 10 వోల్టుల రీడింగ్‌నీ 100 వోల్టుల రీడింగ్‌నీ పోల్చకూడదు.

ఒకే దానాతో పోసిన ట్రేకి గేటు (అచ్చులోకి ప్లాస్టిక్ దిగే చోటు) దగ్గర ఒక రీడింగ్, అంచున ఇంకోటి వస్తుంది. ఇంజెక్షన్ స్పీడ్ ఎక్కువైతే పైపొరలో కార్బన్ పలచబడి రెసిస్టెన్స్ పెరగొచ్చు. ఎక్స్‌ట్రూడర్‌లో స్క్రూ మరీ గట్టిగా పిసికితే కార్బన్ గొలుసులు తెగుతాయి, ఫైబర్ ముక్కలవుతుంది. తక్కువ పిసికితే గడ్డలు మిగులుతాయి. కార్బన్ బ్లాక్ తేమ పీలుస్తుంది కాబట్టి డ్రయింగ్ తగ్గితే పార్ట్ మీద వెండి చారలు పడతాయి. లాట్ నంబర్, డ్రయింగ్ టైమ్, మెల్ట్ టెంపరేచర్, స్క్రూ స్పీడ్, రీగ్రైండ్ శాతం, రీడింగ్, ఇవన్నీ ఒక పుస్తకంలో ఒకే వరసలో రాసుకోండి. కొన్ని నెలలకి ఏది మారితే రీడింగ్ ఎటు పోతుందో మీకే తెలిసిపోతుంది. ఆ పుస్తకం మీ సొంత ఆస్తి కావాలని ఎంత ఉన్నా, ఫార్ములా వివరాలు కంపెనీవి. షెడ్డు మారేటప్పుడు అవి తీసుకుపోవద్దు.

ఇక ఒంటి సంగతి. కార్బన్ బ్లాక్ క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో, 2బి వర్గంలో, ఉంది. బస్తా విప్పేటప్పుడు చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 గానీ అంతకన్నా మంచి మాస్కు గానీ అడిగి తీసుకోండి. నానోట్యూబ్‌లైతే పొడిగా ముట్టుకోకుండా ముందే ప్లాస్టిక్‌లో కలిపిన దానా, అంటే మాస్టర్‌బ్యాచ్, తెప్పించమని ఇన్‌ఛార్జ్‌తో చెప్పండి. కంప్రెసర్ గాలితో నేల ఊదడం మానండి. ఆ ధూళిలో కరెంటు పారుతుంది, ప్యానెల్‌లో చేరితే షార్ట్ అవుతుంది.

చదువు కొనసాగించాలంటే ప్లాస్టిక్ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. మైసూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో కేంద్రాలున్నాయి. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా, బీఎస్సీ చేసినవాళ్లకి ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా చేయొచ్చు. క్వాలిటీ విభాగం ఇంటర్వ్యూలో రీడింగ్ పెరిగితే ఏం చేస్తావని అడుగుతారు. ముందు మీటరు, ప్రోబ్ సరిచూసి, తర్వాత ఫీడర్, ఆ తర్వాత డ్రయర్, స్పీడ్ చూస్తానని ఆ వరసలోనే చెప్పండి.