సలాడ్ ప్యాకెట్ కొన్నవాళ్లకి ఓ అమ్మమ్మ మాట

మేం శాన్‌హోసేలో స్థిరపడి చాలా కాలమైంది. ముందు పిల్లలకి, ఇప్పుడు మనవలకి లంచ్ బాక్సులు కడుతూనే ఉన్నాను. చదువుకోవడానికి వచ్చినవాళ్లు, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, మా చుట్టుపక్కల తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లు మా ఇంటికి వస్తారు, నేను వాళ్లిళ్లకి వెళ్తాను. ఎవరి ఫ్రిజ్ తెరిచినా సగం వాడి వదిలేసిన సలాడ్ ప్యాకెట్ ఒకటి కనిపిస్తుంది. ఒంటికి మంచిదని కొంటారు. కానీ గిన్నెడు పచ్చి ఆకు నమిలే అలవాటు మనకి లేదు. నాలుగు రోజులకి ఆకు నీరు కారుతుంది, వారం తిరిగేసరికి చెత్తబుట్టలో పడుతుంది. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ ప్యాకెట్‌కి మన ఇళ్లలో తగిన చోటు సాండ్‌విచ్ అని నా గట్టి నమ్మకం. గిన్నెడు ఆకు తినలేనివాళ్లు కూడా రెండు బ్రెడ్ ముక్కల మధ్య గుప్పెడు ఆకు హాయిగా తినేస్తారు. దానికో పద్ధతి ఉంది. నాకు తెలిసినది చెబుతాను.

1. ఈ ఆకు పొయ్యి ఎక్కదు

తోటకూర, పాలకూర, గోంగూర, ఏది తెచ్చినా మనం కట్ట విప్పి, ఏరి, మూడు నాలుగు నీళ్లు మార్చి కడిగి, చివరికి ఉడికిస్తాం. కడగడంలో ఏమైనా మిగిలిపోతే మంట చూసుకుంటుంది. మన అమ్మల ధైర్యమంతా ఆ మంట మీదే. సలాడ్ ఆకుకి ఆ దశ లేదు. పొలం నుంచి నోటిదాకా పచ్చిగానే వస్తుంది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మంట లేని చోట మనకి ఉన్న దిక్కు చలి. చలి క్రిముల్ని చంపదు, చాలావాటిని పెరగనివ్వకుండా నెమ్మదింపజేస్తుంది, అంతే. ఫ్రిజ్‌లో వేడి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదని ఇక్కడి ప్రభుత్వ ఆహార శాఖ చెబుతుంది. మన లెక్కలో నాలుగు డిగ్రీల పైచిలుకు. ఫ్రిజ్ లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ కొన్ని డాలర్లకే దొరుకుతుంది, కొనుక్కోండి. ఆకుని మాత్రం ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టకండి. అక్కడ గడ్డకట్టిందంటే బయటికి తీయగానే మెత్తబడి నీరైపోతుంది.

షాపులో కూడా ఆకు అన్నిటికన్నా చివర్లో బండిలోకి రావాలి. తేదీ దూరంగా ఉన్నదీ, లోపల నీటి బొట్లు లేనిదీ చూసి తీసుకోండి. తర్వాత నేరుగా ఇంటికి. ఆకు కొని, అట్నుంచి ఇండియన్ స్టోర్‌కీ, ఆపైన గుడికీ వెళ్లి, అంతసేపూ ప్యాకెట్‌ని ఎండలో ఆపిన కారులో ఉంచితే, ఇంటికొచ్చాక ఎంత మంచి ఫ్రిజ్ ఉన్నా లాభం లేదు.

2. ఆ ప్యాకెట్ వెనక ఒక లోయ ఉంది

మా ఊరి నుంచి 101 హైవే మీద దక్షిణంగా వెళ్తే ముందు వెల్లుల్లి వాసనతో గిల్‌రాయ్ వస్తుంది. అక్కడి షాపింగ్ మాల్‌కి మనవాళ్లు బాగానే వెళ్తారు. అది దాటి ఇంకాస్త పోతే సాలినాస్ లోయ. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఈ దేశంలో తినే లెట్యూస్‌లో చాలా భాగం అక్కడిదే. చలికాలంలో సాగంతా అరిజోనాలోని యూమా వైపు మారుతుంది. సముద్రం మీది పొగమంచు పొద్దున్నే లోయలోకి వచ్చి ఆకుని చల్లగా ఉంచుతుంది. వరసలు వరసలుగా పచ్చదనం, వాటి మధ్య నడుం వంచి కోస్తున్న మనుషులు. లేత ఆకుల్ని యంత్రాలు కోస్తాయి కానీ, పెద్ద రొమెయిన్ లెట్యూస్‌ని ఇప్పటికీ ఎక్కువగా మనుషులే కత్తితో కోస్తారు. ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. 1970లో కార్మిక నాయకుడు సీజర్ చావెజ్ నాయకత్వంలో వీళ్లు చేసిన సమ్మె పేరే సలాడ్ బౌల్ సమ్మె. ఆ ఏడాది డిసెంబర్‌లో చావెజ్‌ని సాలినాస్ జైల్లోనే పెట్టారు. ప్యాకెట్‌ని చెత్తబుట్టలో పడేసే ముందు ఆ వంగిన నడుముల్ని ఒక్కసారి తలుచుకోమని పిల్లలకి చెబుతుంటాను.

కడిగి, సంచిలో పెట్టి అమ్మే పద్ధతి కూడా ఈ చుట్టుపక్కలే ఊపందుకుంది. 1984లో కార్మెల్ లోయలో ఒక చిన్న రాస్‌బెర్రీ తోటగా మొదలైన ఎర్త్‌బౌండ్ ఫార్మ్, 1986లో కడిగిన లేత ఆకుల్ని సంచుల్లో పెట్టి షాపులకి ఇచ్చింది. సాలినాస్‌కి చెందిన ఫ్రెష్ ఎక్స్‌ప్రెస్ 1989లో తన ప్యాకెట్లని దేశమంతా అమ్మడం మొదలుపెట్టింది. ఆ సంచి మామూలు ప్లాస్టిక్ కాదు. కోసిన ఆకు ఇంకా ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండేలా లోపలి గాలిని సర్దుతారు. అందువల్ల కోసిన అంచులు త్వరగా గోధుమరంగుకి తిరగవు. మీరు సంచి కత్తిరించిన క్షణంలో ఆ ఏర్పాటు పోతుంది. మీద ముద్రించిన తేదీ విప్పని సంచికే వర్తిస్తుంది. విప్పాక రెండు మూడు రోజుల్లో వాడెయ్యాలన్నది నా లెక్క.

3. కడగాలా, వద్దా

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. మూడుసార్లు కడిగినది, నేరుగా తినవచ్చు అని ప్యాకెట్ మీద రాసి ఉంటే మళ్లీ కడగక్కరలేదు. ఇక్కడి ఆహార శాఖ చెప్పేదీ ఇదే. మళ్లీ కడిగితే, నిన్న చికెన్ కడిగిన సింకు, తడి ఆరని గిన్నె, పొద్దున్నుంచీ అన్నిటికీ వాడిన తువ్వాలు, వీటి నుంచి లేని మురికిని ఆకుకి అంటించే ప్రమాదమే ఎక్కువ. మా వదినకి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. ఆవిడ బాధ నాకు తెలుసు, కడగని ఆకు తినడమంటే మనకి చెయ్యి రాదు. అయినా సరే, ఆ శ్రద్ధంతా మీ చేతులు సబ్బుతో కడుక్కోవడం మీదా, కత్తీ పలకా శుభ్రంగా ఉంచుకోవడం మీదా పెట్టండి. అలా రాసి లేని ఆకైతే తప్పకుండా కడగాలి.

కడిగితే అన్నీ పోతాయనుకోవడం కూడా పొరపాటే. 2006 సెప్టెంబర్‌లో సంచుల్లో అమ్మిన లేత పాలకూర వల్ల ఈ.కోలై అనే క్రిమి సోకి 26 రాష్ట్రాల్లో దాదాపు 200 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. అది కూడా కడిగిన ఆకే. శాన్ బెనీటో కౌంటీలో ఒక పొలం దగ్గరి పశువుల పేడలోనూ, అక్కడ తిరిగే అడవి పందుల్లోనూ అదే క్రిమి దొరికింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా ఆకుకూర వ్యాపారులు పొలాల శుభ్రత మీద ఉమ్మడి నియమాలు పెట్టుకున్నారు. అయినా 2018లో థాంక్స్‌గివింగ్‌కి రెండు రోజుల ముందు, దేశంలో ఎవరూ రొమెయిన్ తినవద్దని ప్రభుత్వం చెప్పాల్సివచ్చింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. కోట్లమంది రోజూ తింటున్నారు, నేనూ తింటున్నాను. ఫలానా ఆకు వెనక్కి తీసుకుంటున్నారని వార్త వచ్చినప్పుడు మాత్రం వెంటనే ఫ్రిజ్ చూసుకోండి. మా ఇంట్లో గర్భిణులకీ, ఒంట్లో శక్తి లేని పెద్దవాళ్లకీ పచ్చి ఆకు పెట్టను. అదే పాలకూర పప్పులో వేసి పెడతాను.

4. ఏ సాండ్‌విచ్‌కి ఏ ఆకు

ఇక్కడే రుచి ఉంది, ఇక్కడే చాలామంది పట్టించుకోరు. ఏదో ఒక ఆకు పచ్చగా కనబడితే చాలనుకుంటారు.

ఆమ్లెట్ సాండ్‌విచ్‌ని తీసుకుందాం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన ఆమ్లెట్ పెనం మీంచి పొగలు కక్కుతూ వస్తుంది. దాని కింద లెట్యూస్ పెడితే రెండు నిమిషాల్లో వేడికి వాడి, జారుడుగా తయారవుతుంది. లేత పాలకూర పెట్టి చూడండి. అంచులు కొంచెం వాడి, మధ్యలో ఇంకా లేతగా ఉండి, గుడ్డుతో కలిసిపోతుంది. పాలకూరకి వేడి పడుతుంది, లెట్యూస్‌కి పడదు.

ఆలూ టిక్కీ, పనీర్ లాంటి మెత్తటి వాటికి కరకరలాడేది కావాలి. రొమెయిన్ ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టగా చుట్టి, వేలి మందాన అడ్డంగా తరగండి. ఆకుని అలాగే పెడితే మొదటి కొరుకులోనే మొత్తం బయటికి లాక్కొస్తుంది. తరిగితే ప్రతి ముద్దలో కొంచెం వస్తుంది. మధ్య ఈనె పారేయకండి, కరకర అంతా అందులోనే ఉంది. ఐస్‌బర్గ్ లెట్యూస్ కూడా ఇదే పనికి వస్తుంది, రుచి తక్కువ.

స్ప్రింగ్ మిక్స్ అని రంగురంగుల లేత ఆకుల ప్యాకెట్ ఉంటుంది కదా, అది చల్లటి సాండ్‌విచ్‌కే. బరువు మోయలేదు. అందులో ఎర్ర ఆకులు ముందు కుళ్లుతాయి, కాబట్టి సంచి విప్పగానే వాటిని ఒకసారి చూసుకోవాలి.

నా మనసుకి నచ్చింది అరుగులా. ఇది ఆవ కుటుంబం మొక్క. నమిలితే ఆవపిండి ఘాటే నాలుకకి తగులుతుంది. ఆవకాయ తిన్న నోటికి దీన్ని ఎవరూ పరిచయం చెయ్యక్కరలేదు. కారంపొడి కలిపిన వెన్న రాసిన బ్రెడ్, పల్చటి చీజ్, గుప్పెడు అరుగులా, ఇంకేమీ వద్దు. మా మనవరాలికి మొదట చేదనిపించింది. రెండు మూడు ఆకులతో మొదలుపెట్టాను, ఇప్పుడు తనే అడిగి వేయించుకుంటుంది.

క్యాబేజీ, క్యారెట్ తురుము కలిపిన ప్యాకెట్‌ని కూడా మరిచిపోకండి. వాటన్నిటికన్నా ఎక్కువ రోజులు నిలిచేది అదే. రోజూ వంట చేసుకునే తీరిక లేని చదువుకునే పిల్లలకి నేను ముందు దాన్నే చెబుతాను.

5. తడి చేరితే అంతా పాడు

నానిన బ్రెడ్ ఎవరూ తినరు. సంచి విప్పగానే లోపల ఒక పొడి పేపర్ టవల్ మడిచి పెట్టండి. అది తడిస్తే మార్చండి. ఈ చిన్న పనితో ఆకు ఇంకో రోజో రెండు రోజులో నిలుస్తుంది. ఆపిల్, అరటి లాంటి పళ్ల పక్కన ఆకుని పెట్టకండి. పళ్లు పండుతూ వదిలే ఎథిలీన్ వాయువుకి లెట్యూస్ మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి.

పేర్చేటప్పుడు ముందు బ్రెడ్‌ని కొంచెం కాల్చి చల్లారనివ్వండి. రెండు ముక్కలకీ వెన్నో, మయోనీసో అంచుల దాకా రాయండి. మధ్యలో ఓ ముద్ద వేసి వదిలేయడం కాదు, మూలమూలకీ చేరాలి. నూనె పదార్థం ఉన్నచోట నీరు బ్రెడ్‌లోకి దిగదు. పుదీనా చట్నీ వేసుకోవాలనుకుంటే వెన్న రాశాక దాని మీద వెయ్యండి, ఉత్త బ్రెడ్ మీద వద్దు. టమాటా ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరుతుంది, ఆ నీరు ఆకుని కుంగదీస్తుంది. టమాటాని చీజ్‌కి ఒక పక్కనా, ఆకుని ఇంకో పక్కనా ఉంచండి. ఆకు అన్నిటికన్నా చివర్లో, తినబోయే ముందు పడాలి. రెండు ఆకులు అలంకారానికి పెట్టకండి. గుప్పెడు పెట్టి, అరచేత్తో మెల్లగా నొక్కి, పదునైన కత్తితో మూలకి మూల కొయ్యండి.

6. ప్యాకెట్‌లో వచ్చే డ్రెస్సింగ్

కొన్ని ప్యాకెట్లలో చిన్న డ్రెస్సింగ్ పొట్లం కూడా వస్తుంది. సాండ్‌విచ్‌లో దాన్ని ఆకు మీద పోయకండి. నూనె తగిలితే ఆకు తొందరగా వాడిపోతుంది. కావాలంటే బ్రెడ్‌కి రాసుకోండి. నాకైతే అందులో ఉప్పూ తీపీ ఎక్కువ, పక్కన పెట్టేస్తాను.

7. లంచ్ బాక్సులో

ఆకుని చిన్న డబ్బాలో విడిగా పెట్టి, దాని మీద ఐస్ ప్యాక్ ఉంచి పంపండి. తినేటప్పుడు పిల్లలే బ్రెడ్ విప్పి వేసుకుంటారు. రెండో తరగతి పిల్లలకే ఇది చక్కగా వస్తుంది. కోసిన ఆకు చలి లేకుండా రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. సాయంత్రం మిగిలి వచ్చింది తిరిగి ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

8. మిగిలిన ఆకు

జిగురు పట్టినా, వాసన మారినా ఆ ప్యాకెట్ పారేయాల్సిందే. కుళ్లిన నాలుగు ఆకులు ఏరి మిగతావి పచ్చిగా తినే ప్రయత్నం వద్దు. వాడిపోయింది కానీ పాడవలేదు అన్న దశ ఒకటి ఉంది, దాన్ని పట్టుకోండి. పాలకూరైతే పప్పులోకి, అరుగులా అయితే సన్నగా తరిగి పెసరట్టు పిండిలోకి, క్యాబేజీ తురుమైతే పకోడీలోకి. ఐస్‌బర్గ్‌కి మాత్రం నా వంటలో చోటు దొరకలేదు. అందుకే దాన్ని చిన్న ప్యాకెట్టే కొంటాను.

ఈ వారం సలాడ్ ప్యాకెట్ కొని ఉంటే, ఇప్పుడే లేచి ఫ్రిజ్ తెరిచి తేదీ చూడండి. ఆకు బాగుంటే లోపల ఒక పేపర్ టవల్ పెట్టి, రేపు పొద్దున బ్రెడ్‌లోకి గుప్పెడు తియ్యండి.